నచ్చకపోతే మూడోది

ఎరుపే ఎరుపు. వేలితో కిందికి జరుపుతూ పోతుంటే పేజీ తర్వాత పేజీ వదిన ఎర్ర గీతలే, కొట్టివేతలు, చేర్పులు, పక్కన మార్జిన్లో కామెంట్లు. అంటే వచ్చేసింది, మూడు వారాలుగా ఇక రాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చిన ఫైలు ఇదిగో వచ్చేసింది, పొద్దున ఫ్యాక్టరీకి వెళ్ళే ముందు పంపినట్టుంది, దాంతో పాటు ‘పంపాను చూడు’ అన్న ఒక్క ముక్కైనా లేదు, వట్టి ఫైలు, మా నవల, మేమిద్దరం ఏడాదిన్నరగా కిందా మీదా పడి రాసుకున్న మా డిటెక్టివ్ నవల. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే ఈ కళ్ళ పరీక్ష గదిలో ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ వినపడేది. ఎవరూ లేరు. పదకొండున్నరకి రావలసినావిడ రాలేనని ఫోన్ చేసింది, ఆవిడ చల్లగా ఉండాలి, మళ్ళీ ఒంటిగంట దాకా ఎవరూ లేరు. బయట కౌంటర్లో షాపు ఓనరుగారు ఎవరికో ఫ్రేములు చూపిస్తూ ముక్కుకి ఇదే నప్పుతుందంటున్నారు. గదిలో లైటు తీసేసి ఉంది, ఎదురుగోడ మీద అక్షరాల బోర్డు ఒక్కటే వెలుగుతోంది, పైన బండరాయంత అక్షరం, కిందికి పోయేకొద్దీ చీమలు. కస్టమర్లు కూర్చునే కుర్చీలో నేను కూర్చున్నాను, ఒళ్ళో ల్యాప్‌టాప్. ఒంటిగంటలోగా ఇది సంపాదకురాలికి చేరాలి. నిన్న ఫోన్లో ఆవిడ మూడు ముక్కల్లో తేల్చేసింది, కొత్త ముగింపు కావాలి, అట్ట మీద వెయ్యాల్సిన పేర్లు కావాలి, రెండూ అందకపోతే ఇక వచ్చే ఏడే చూద్దాం అని.

పేర్లు. అక్కడే ఉంది అసలు సంగతి. మొదటి పేజీలో నవల పేరు కింద రెండు పేర్లున్నాయి, పైన నాది, కింద వదినది, వదిన పేరు మీద మాత్రం నిలువునా ప్రాణం పోయేలా ఒక ఎర్ర గీత. తన పేరు తనే కొట్టేసుకుంది. అన్నంత పనీ చేసింది. నేనేమో కోపంలో అన్న మాట నాలుగు రోజుల్లో ఆవిరైపోతుందనుకున్నాను, మా వదిన కోపం ఆవిరయ్యే రకం కాదు, మడత పెట్టి బీరువాలో పెట్టుకునే రకం. ఆ రోజు సంపాదకురాలు అంతా బాగుందిగానీ హంతకుడెవరో సగంలోనే పట్టేశాను అన్నాక, కింద వాటాలో వదిన వాళ్ళ వంటింట్లో కూర్చుని వాదించుకున్నాం. హంతకుడు నవల్లో చచ్చిపోయినాయన అన్న కొడుకే కావాలని నేను, కాదు ఆయన చెల్లెలని వదిన. వాదన ఎక్కడెక్కడికో పోయింది, నేను ఇంట్లో గిన్నెలు చప్పుడు చెయ్యడం దగ్గర్నుంచి తను నా పెళ్ళిచూపుల్లో నవ్వడం దాకా అన్నీ బయటికొచ్చాయి, చివరికి నాకు చిర్రెత్తుకొచ్చి, “రాసేది నేను వదినా, నువ్వు దిద్దేదానివి” అన్నాను. వదిన కంచం ఎత్తి సింకులో పెట్టింది, చేతులు తుడుచుకుంది, “అయితే దిద్దేవాళ్ళ పేరు అట్ట మీదెందుకు? తీసెయ్” అంది. అంతే. ఆ తర్వాత మూడు వారాలు పై వాటాకీ కింద వాటాకీ మధ్య మా అన్నయ్యే రాయబారి, బస్సు డిపోలో రోజంతా డ్రైవర్ల తగాదాలు తీర్చి ఇంటికొచ్చి మా ఇద్దరి మధ్యా నలిగిపోయాడు పాపం, మీ వదిన నీ దుప్పటి ఆరిందని చెప్పమంది, మీ వదిన నీకు కరెంటు బిల్లు వచ్చిందని చెప్పమంది, మీ వదిన ఏమీ చెప్పమనలేదు కానీ నేనే అడుగుతున్నాను ఎప్పుడు మాట్లాడుకుంటారు అని.

సరే, పేరు సంగతి చివర్న చూద్దాం, ముందు లోపలేం చేసిందో చూడాలి, ఏదో చేసింది, ఊరికే పేరు కొట్టేసుకోవడానికైతే ఇన్ని వందల మార్పులెందుకు. ఒక్కసారిగా అన్నిటికీ యాక్సెప్ట్ కొట్టేసే బటన్ పైన కూర్చుని పిలుస్తోంది, ఆ బటన్ ఈ ఏడాదిన్నరలో ఒక్కసారైనా నొక్కలేదు, దాని పక్కనున్న రిజెక్ట్ అయితే అసలు నిషేధం. ఆ నిషేధం పుట్టింది మొదటి అధ్యాయంలో వాన దగ్గర. నేను ‘వాన ఇంకా కురుస్తూనే ఉంది’ అని రాశాను, వదిన దాన్ని కొట్టేసి ‘వాన వెలిసింది’ అంది, నేను రిజెక్ట్, మళ్ళీ వదిన కొట్టివేత, మళ్ళీ నేను రిజెక్ట్, ఫైలు పైకీ కిందికీ బంతిలా తిరిగింది. నాలుగో రోజు పొద్దున్నే అన్నయ్య బూట్లు తొడుక్కుంటూ ఇంతకీ మీ వాన సంగతి తేల్చండర్రా, గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అన్నాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే వచ్చింది ఆ వాక్యం, వాన వెలిసింది గానీ చూరు నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి అని, అది నాదీ కాదు తనదీ కాదు, మా ఇద్దరి వాక్యాల కంటే ఎంతో బాగుంది. అప్పుడే వదిన చట్టం చేసింది. ఎదుటివాళ్ళ మార్పు నచ్చితే ఒప్పుకోవాలి, నచ్చకపోతే రిజెక్ట్ నొక్కకూడదు, మూడోది తేవాలి. తన ఫ్యాక్టరీలో ఇంతే, యూనిఫారాల బట్ట మీద సుద్దతో గీసిన గీత నచ్చలేదని చెరిపేస్తే బట్ట కుదరదు, నచ్చనివాడు కొత్త గీత గియ్యాలి అంది. ఆ చట్టం నవల్లోంచి ఇంట్లోకీ పాకింది. కిటికీలకి పచ్చ పరదాలా పసుపువా అని మొదలెడితే చివరికి పరదాలే లేకుండా చాపలు వేలాడాయి, అన్నయ్య టీ అడిగితే వదిన కాఫీ ఇద్దునా అనడం, నేను మూడోది తేవడం, పాపం ఆయన నిమ్మరసం తాగి డ్యూటీకి వెళ్ళిపోవడం.

రెండో అధ్యాయం. సంగీతం మాస్టారు మొదటిసారి వచ్చే చోటు. మా నవల్లో ఒక గడియారాల రిపేరు షాపు ఉంది, సెల్‌ఫోన్లు లేని రోజుల కథ, ఒక సాయంత్రం ఆ షాపాయన తన కుర్చీ పక్కనే చచ్చిపడి ఉంటాడు. వీధికి అవతల అద్దెకుండే సంగీతం మాస్టారు తలుపు దగ్గర్నుంచి చూసి నలుగురినీ పిలుస్తాడు, వయొలిన్ నేర్పి బతుకుతుంటాడు, భార్య పోయింది, పిల్లలంటే ప్రాణం, అందరితోనూ మంచి. ఆ మనిషంటే నాకు ఎంత ఇష్టమంటే నవల్లో ఎవరికీ కొనివ్వని వస్తువు ఆయనకి కొనిచ్చాను, తోలుపట్టీ ఉన్న చేతి గడియారం, పాఠం మొదలుపెట్టే ముందు దాన్ని విప్పి బల్ల మీద పెడతాడు. వదిన ఆ వాచీ కొట్టేసింది. వాచీ విప్పడం, బల్ల మీద పెట్టడం, అంతా ఎర్ర గీత కింద. చూడగానే ఒళ్ళు మండింది. నా మీద కోపం నామీద చూపించాలిగానీ ఆ ముసలాయన వాచీ ఏం చేసింది, కావాలనే నాకు ప్రాణమైనవి ఏరి ఏరి కొట్టేస్తోంది, ముందు తన పేరు, తర్వాత మాస్టారి వాచీ. కోపంలో వేలు వెళ్ళిపోయింది, రిజెక్ట్ నొక్కాను. వాచీ మళ్ళీ నల్లగా వచ్చి మాస్టారి చేతికి చుట్టుకుంది. ఆ చట్టం పుట్టాక రిజెక్ట్ నొక్కడం ఇదే మొదటిసారి, ఎవరూ చూడలేదు కదా అని గది నలువైపులా చూశాను కూడా, అక్షరాల బోర్డు తప్ప ఎవరున్నారు.

ముందుకి. మూడో అధ్యాయంలో చాలాచోట్ల మామూలు దిద్దుళ్ళే, ఇన్‌స్పెక్టరమ్మ మరీ ఎక్కువసార్లు కళ్ళు చిట్లిస్తోందని కామెంటు, అది నిజమే, నా వృత్తిదోషం, నా పాత్రలన్నిటికీ చూపు తక్కువ. ఆ కామెంటు చదువుతుంటే నవ్వొచ్చింది, కోపం సగం దిగింది, ఎందుకంటే వదిన వేళాకోళం వదిన గొంతుతోనే వినిపిస్తుంది, ‘ఈవిడకీ కళ్ళజోడు రాశావా, షాపులో డిస్కౌంట్ ఏమైనా ఉందా’ అని. తర్వాత నాకు ఎంతో గొప్పగా అనిపించిన ఒక పేరా మొత్తం పోయింది, సూర్యాస్తమయం మీద రాసింది, చదివి చూస్తే పోతేనే బాగుంది, ఆ అస్తమయం వల్ల హంతకుడికీ ఉపయోగం లేదు, పాఠకులకీ లేదు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాను. ఇదీ ఒప్పుకున్నాను. రోజంతా ఈ గదిలో నేను చేసే పనే ఇది, ట్రయల్ ఫ్రేములో అద్దం మార్చి ఇదా, ఇదా, ఏది బాగా కనిపిస్తోంది అని అడుగుతాను, కూర్చున్నవాళ్ళు రెండోది అంటారు, ఇవాళ ఆ కుర్చీలో నేను కూర్చున్నాను, ప్రతిసారీ రెండోదే అంటున్నాను. నాలుగో అధ్యాయం. వీధిలో పిల్లలు మాస్టారిని టైమెంతని అడుగుతారు, నేను ‘చేతి వంక చూసి చెప్పాడు’ అని రాశాను, వదిన దాన్ని కొట్టేసి ‘నవ్వి ఊరుకున్నాడు’ అంది. మళ్ళీ వాచీ. ఇక్కడ ఆగాను. కోపంతో కాదు, ఏదో అనుమానంతో. ఇంకో రెండు పేజీలు పోయాక కొత్తగా ఒక వాక్యం చేరింది, మాస్టారు రోజూ తన కిటికీలోంచి వీధి దాటేలా కేకేసి షాపాయన్ని టైము అడిగేవాడట, అది అలవాటట. అంటే మాస్టారింట్లో గోడ గడియారం కూడా లేదా? ఉంది కదా, నేనే పెట్టాను, భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న గడియారం. లేదు, లేదు, అది షాపులో ఉంది, రిపేరుకిచ్చాడు, అదీ నేనే రాశాను, నవ్వు పుట్టించడానికి హత్యకి ముందటి ప్రతి సన్నివేశంలోనూ ఆయన వచ్చి నా గడియారం అయ్యిందా అని అడుగుతాడు, షాపాయన వచ్చే వారం అంటాడు. వదిన ఆ ‘వచ్చే వారం’ల జోలికి పోలేదు, ఒక్కచోట మాత్రం ‘అంటూ నవ్వాడు’ని ‘అంటూ చూపు తిప్పుకున్నాడు’గా మార్చింది. ఒక్క మాట. నా వెన్ను కుర్చీకి ఆనడం మానేసింది.

ఏం చేస్తోందీవిడ, ఏం చేస్తోంది, నాకు తెలుస్తోంది, ఇంకా పూర్తిగా తెలియడం లేదు, నేనే రాసిన నవలని నేనే మొదటిసారి చదువుతున్నట్టుంది, పేజీ తిప్పడానికి వేలు తొందరపడుతోంది. ఆరో అధ్యాయంలో మరో వాచీ పోయింది. ఏడులో అన్న కొడుకు మీద అనుమానం కలిగించే మాటలు పల్చబడ్డాయి, చెల్లెలి మీద అనుమానం కలిగించేవీ పల్చబడ్డాయి, అంటే నా హంతకుణ్ణీ ఒప్పుకోలేదు, తన హంతకురాలినీ నిలబెట్టలేదు. మూడోది. మూడోది తెస్తోంది. ఎనిమిదో అధ్యాయంలో మాస్టారు ఇన్‌స్పెక్టరమ్మకి వాంగ్మూలం ఇచ్చే చోటు, అక్కడ ఒక్క ఎర్ర గీత లేదు, అంతా నా అక్షరాలే, అలాగే ఉంచింది, “నేను లోపలికి అడుగు పెట్టలేదమ్మా, గుమ్మం దగ్గర్నుంచే చూశాను, అప్పుడు టైము ఆరూ పది.” ఆరూ పది. ఎలా తెలుసు నీకు మాస్టారూ, చేతికి వాచీ లేదు, ఇంట్లో గడియారం లేదు, షాపు నిండా ఉన్న గడియారాలన్నీ రిపేరువి, ఒకటి మూడంటుంది, ఒకటి తొమ్మిదంటుంది, సరైన టైము చూపించే గడియారం ఆ షాపులో ఒక్కటే, అది ఎక్కడుంది, ఎక్కడ పెట్టాను దాన్ని, గబగబా మొదటి అధ్యాయానికి పోయాను, ఇదిగో, నా వాక్యమే, ఊళ్ళో అందరి టైమూ సరిచేసే మనిషి కోసం సరిగ్గా నడిచే గడియారం ఒక్కటే ఉంది, అది కౌంటరు లోపలి వైపు, ఆయన కుర్చీలోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ కనిపించదు. అందంగా ఉంటుందని రాశాను నేను. దానితో ఏదైనా పనుందని నాకు తెలియనే తెలియదు. దాని పక్కన వదిన కామెంటు, రెండే మాటలు, ‘ఇది చాలు.’

నేను లేచి నిలబడ్డాను, ల్యాప్‌టాప్ జారి పడబోతే మోకాలితో ఆపాను, ఆ కుదుపుకి అద్దాల పెట్టె మూత పడి పెద్ద చప్పుడైంది. ఓనరుగారు తలుపు తోసి ఏమైందమ్మా అన్నారు, దొరికాడండీ అన్నాను, ఎవరు అన్నారు, హంతకుడు అన్నాను. ఆయన కాసేపు నా మొహం వంక చూసి, భోజనం చేశావా అని అడిగి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయారు. నాకు ఎగిరి గంతేయాలనుంది. కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మాస్టారు. మా మంచి మాస్టారు. రాయడం మొదలుపెట్టిన కొత్తలోనే వదిన అంది, బట్టలారేస్తూ, నోట్లో క్లిప్పు పెట్టుకుని అంది కాబట్టి నేను పట్టించుకోలేదు, ఇంత మంచివాణ్ణి నవల్లో ఊరికే తిప్పకూడదు, ఏదో ఒక పని చెప్పాలి అని. చూడు ఎంత పని చెప్పిందో. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, నా రాతలో నాకే కనిపించని పేగులు లెక్కపెట్టింది. మూడు వారాలు నాతో మాట్లాడకుండా, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఫ్యాక్టరీలో నిలబడి బట్టలు కత్తిరించి, ఇంటికొచ్చి వంట చేసి, ఆ తర్వాత కూర్చుని ఇదంతా చేసింది, నేను పైన పడుకుని వదినకి నవల మీద ప్రేమ లేదు, పంతమే ఉంది అనుకుంటుంటే. నేను ఎంత సంతోషంగా ఉన్నానంటే ఏడుపొస్తోంది. రెండో అధ్యాయానికి వెళ్ళి నేను మళ్ళీ తొడిగిన వాచీని గబగబా అన్‌డూ కొట్టి విప్పేశాను. ఆ ఒక్క వాచీ ఉండిపోయుంటే మొత్తం కథ కుప్పకూలేది, మాస్టారు చేతి వంక చూసుకుని తప్పించుకుపోయేవాడు.

ఇక చివరి అధ్యాయం. అన్న కొడుకు నేరం ఒప్పుకునే ఆరు పేజీలూ కొట్టేసి ఉన్నాయి. వాటి స్థానంలో ఏం రాసిందో అని ఆత్రంగా కిందికి జరిపితే ఖాళీ. తెల్ల పేజీ, పక్కన ఒక కామెంటు. ‘మాస్టారు ఇక్కడ మాట్లాడాలి. ఎందుకు చేశాడో నాకు తెలుసు, ఎలా చెప్తాడో నాకు తెలీదు. అది నువ్వే రాయాలి. నాకు రాదు.’ నాకు రాదు అంది వదిన. మా వదిన నోటి వెంట ఆ మాట వినడం నాకు కొత్త, లెక్కలు రాని రోజుల్లో నాకు లెక్కలు చెప్పింది, అన్నయ్యకి కారు నడపడం వచ్చుగానీ రివర్స్ రాదని తను నేర్చుకుని మరీ నేర్పింది, రాదు అనే మాట ఆవిడ నిఘంటువులో ఉంటుందని అనుకోలేదు. రాసేది నేను అన్నానుగా, ఇదిగో రాయి అని పేజీ నా ముందు పెట్టింది, దెప్పడానికి కాదు, నిజంగానే. ఫోన్ చూస్తే ఒంటిగంటకి ఇంక ముప్పావుగంట. రాసేస్తాను, చేతులు వాటంతటవే వెళ్తున్నాయి, మాస్టారు ఇన్‌స్పెక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాడు, వాచీ లేని చెయ్యి బల్ల మీద పెట్టాడు, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు. ఆ గడియారం గంటకోసారి కొట్టేది కాదమ్మా, గంటకి కాస్త ముందే కొట్టేది, మా ఆవిడకి తొందరెక్కువ, దానికీ ఆవిడ బుద్ధే వచ్చింది. ఆవిడ పోయాక కూడా అది ముందే కొడుతుంటే ఇంట్లో మనిషి ఉన్నట్టుండేది. ఒకరోజు ఆగిపోయింది. వచ్చే వారం అన్నాడు, మళ్ళీ వచ్చే వారం అన్నాడు, ఆ సాయంత్రం ఆయన లోపలికి రమ్మంటే కౌంటరు దాటి వెళ్ళాను, అక్కడ ఎవరిదో గడియారం కొడుతోందమ్మా, గంటకి కాస్త ముందే కొడుతోంది. మా గడియారం లోపలి చక్రాలు తీసి దానికి వేసేశాడు. మాది వట్టి డబ్బా. పావుగంట సేపు వాదించాను, డబ్బు ఇచ్చేస్తానన్నాడు. నేను తోశాను. ఆయన పడ్డాడు, లేవలేదు. నేను తలెత్తితే ఎదురుగా గడియారం ఆరూ పది చూపిస్తోంది, అదొక్కటే గుర్తుంది.

రాస్తుంటే అక్షరాలన్నీ నా రంగులో, నీలంగా పడుతున్నాయి, పైనంతా వదిన ఎరుపు, కిందంతా నా నీలం, తప్పులు పడుతున్నాయి, దిద్దుకోవడం లేదు, వదిన చూసుకుంటుందిలే అనుకున్నాను, అనుకోగానే మొదటి పేజీ గుర్తొచ్చి చేతులు ఆగాయి. ఇప్పుడు పేరు. పేజీ పైకెక్కాను. నవల పేరు, కింద నా పేరు, దాని కింద గీత కింద నలుగుతున్న వదిన పేరు. ఒప్పుకుంటే ఆ పేరు పోతుంది, నవల నా ఒక్కదానిదవుతుంది, హంతకుణ్ణి పట్టుకున్న మనిషి పేరు అట్ట మీద ఉండదు, అది జరగనివ్వను. రిజెక్ట్ నొక్కితే పేరు మళ్ళీ నల్లగా వచ్చేస్తుంది, ఒక్క నొక్కు, వేలు దాని మీదే ఉంది. కానీ తన మాట తోసిపుచ్చానని వదిన చూడగానే తెలుసుకుంటుంది, రెండు నిమిషాల్లో సంపాదకురాలికి తనే ఫోన్ చేసి మళ్ళీ తీయించేస్తుంది, ఆ మనిషి సంగతి నాకు తెలియదా. అదీ కాక ఇందాక ఒకసారి రిజెక్ట్ నొక్కి మొత్తం నవలనే ముంచబోయాను. ఇంకోసారి నొక్కను. అయితే మూడోది తేవాలి. ఏం తేవాలి, నా పేరు కింద పెట్టి తనది పైన పెట్టనా, అది తనకి మొహమాటం, మారుపేరు పెట్టనా, ఏదో పూలపేరూ నక్షత్రం పేరూ పెడితే పడీ పడీ నవ్వుతుంది. మేమిద్దరం ఎవరం అసలు, ఫ్యాక్టరీ కటింగ్ సెక్షన్లో ఒకరు, కళ్ళజోళ్ళ షాపులో ఒకరు, వీధిలోవాళ్ళు మమ్మల్ని ఏమంటారు, కూరగాయల కొట్టాయన ఏమంటాడు, నిన్న కూడా అన్నయ్యని అడిగాడట, ఏమండీ ఈ మధ్య వదినా మరదళ్ళు కలిసి రావడం లేదే, తగువా అని. వీధి మొత్తానికి మేము ఒకే పేరు. నేను చెయ్యాల్సిన పనేమిటో తెలిసిపోయింది. నా పేరు మీద కూడా గీత పెట్టాను, నా నీలం గీత. తన ఎర్ర గీత జోలికి పోలేదు. రెండింటి కిందా కొత్త వరసలో కొట్టాను, ‘వదినా మరదళ్ళు.’

వదిన ఫోన్ ఫ్యాక్టరీ లాకర్లో ఉంటుంది, భోజనాల వేళ అయితేగానీ చేతికి రాదు. ఫైలు పంపాను. కూర్చున్నాను. లేచాను. లెన్సులన్నీ తుడిచాను, అద్దాల పెట్టెలో వాటి వాటి చోట పెట్టాను, అక్షరాల బోర్డులో అట్టడుగు వరస చదవడానికి ప్రయత్నించాను, కళ్ళలో నీళ్ళుండి కనపడలేదు. ఒంటిగంట మీదికొచ్చేస్తోంది, ఒకవేళ తను ఒప్పుకోకపోతే, ఒకవేళ ఫోనే తీయకపోతే, ఏ పేర్లతో పంపాలి. అప్పుడు మోగింది. అవతల క్యాంటీన్ గోల, పళ్ళేల చప్పుడు, ఆ గోలలో వదిన ఊపిరి మాత్రం నాకు తెలిసింది. మూడు వారాల తర్వాత ఏమంటుందో అని నేను పళ్ళు బిగించి వింటున్నాను.

“రెండో అధ్యాయంలో వాచీ మళ్ళీ తొడిగావా?” అంది.

“తొడిగి, విప్పేశాను.”

“తెలుసు,” అంది, పక్కన ఎవరో పిలుస్తుంటే వస్తున్నానని చెప్పింది. “గంటకి ముందే కొట్టే గడియారం ఎక్కణ్ణుంచి తెచ్చావే? చదువుతూ అన్నం కలపడం మర్చిపోయి కూర్చున్నాను.”

నువ్వే కదా వదినా అన్నాను, నువ్వు దీన్నంతటినీ చూడకపోతే నాకెక్కడిదీ అన్నాను, ఇంకా ఏదేదో అన్నాను, ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా అనబోయాను. తను అనడానికి చోటివ్వలేదు, మొదటి పేజీ చూశానంది. ఒప్పుకున్నావా అని అడిగాను. క్యాంటీన్లో ఎవరో గ్లాసు జారవిడిచారు.

“ముందు నేనే ఉన్నానుగా,” అంది వదిన. “ఒప్పుకున్నాను. ఇక నొక్కెయ్.”

ఏడాదిన్నరలో ఎప్పుడూ నొక్కని ఆ బటన్ మీద వేలు పెట్టాను, ఫోన్ చెవికి ఆనించుకునే నొక్కాను. ఎరుపు పోయింది, నీలం పోయింది, గీతలు పోయాయి, మొదటి పేజీ నుంచి మాస్టారి ఆఖరి మాట దాకా అంతా నల్లగా, తిన్నగా నిలబడింది. జరుపుతూ చూశాను, ఏ వాక్యం వదినదో, ఏది నాదో ఇక నాకే తెలియడం లేదు. చెల్లెమ్మా వచ్చే వారం ఇంకో నవల మొదలెడదామా అని ఫోన్లో వదిన వెనకనుంచి అన్నయ్య గొంతు కూడా వినిపించింది, శనివారం కదా, డిపోకి సెలవు పెట్టి ఆయన వదినకి భోజనం తీసుకెళ్ళి పక్కనే కూర్చుని ఉన్నాడన్నమాట. హంతకుణ్ణి ముందే చెప్పండి, ఈసారి గొడుగు సంగతి కూడా చెప్పండి అంటున్నాడు. వదిన ఆయన్ని ఊరుకోమని, పంపావా అని నన్నడిగింది. పంపుతున్నాను వదినా అన్నాను.